రోలాండ్ గారోస్: కట్టింది ఫ్రెంచివాళ్లు, ఏలుతున్నది బయటివాళ్లు

మే నెలాఖరు వచ్చిందంటే ఫ్రాన్స్‌లో ఒకటే చర్చ: ఈసారైనా మనవాడు గెలుస్తాడా? పారిస్‌లోని రోలాండ్ గారోస్ స్టేడియంలో జరిగే ఫ్రెంచ్ ఓపెన్ టెన్నిస్ పురుషుల సింగిల్స్‌లో సొంతగడ్డ ఆటగాడు చివరిసారి కప్పు ఎత్తింది 1983లో. ఆయన యానిక్ నోవా. 1988లో ఫైనల్ ఆడిన ఆన్రీ లెకాంట్ తర్వాత అంతదాకా వెళ్లినవాళ్లూ లేరు.

తమాషా ఏమిటంటే, ఈ టోర్నీ పుట్టిందే ఇంటివాళ్ల కోసం. 1891లో మొదలైనప్పుడు ఫ్రెంచ్ క్లబ్బుల సభ్యులకే ప్రవేశం. అయినా తొలి విజేత పారిస్‌లో ఉంటున్న బ్రిగ్స్ అనే బ్రిటిషర్! విదేశీ ఆటగాళ్లందరికీ తలుపులు తెరిచింది 1925లోనే.

ఇప్పుడున్న స్టేడియం అసలు కట్టింది దేశాల జట్లు తలపడే డేవిస్ కప్ కోసం. ఫ్రెంచ్ ఆటగాళ్లు బొరోత్రా, బ్రూన్యోన్, కోషె, లకోస్త్‌లను 'నలుగురు మస్కటీర్లు' అనేవారు. 1927లో వీళ్లు అమెరికా వెళ్లి ఆ కప్పు పట్టుకొచ్చారు. మరుసటి ఏడు దాన్ని పారిస్‌లో నిలబెట్టుకోవాలి, జనం పట్టే మైదానమేమో లేదు. స్టాడ్ ఫ్రాన్సే క్లబ్ స్థలం ఇస్తూ ఒక షరతు పెట్టింది: మా సభ్యుడు రోలాండ్ గారోస్ పేరు పెట్టాలి. గారోస్ టెన్నిస్ వీరుడేం కాదు, పైలట్. 1913లో మధ్యధరా సముద్రాన్ని ఎక్కడా ఆగకుండా విమానంలో దాటాడు. 1918లో ముప్పయ్యో పుట్టినరోజుకు సరిగ్గా ముందురోజు యుద్ధంలో చనిపోయాడు. కొత్త స్టేడియంలో మస్కటీర్లు 1932 దాకా కప్పు చేజారనివ్వలేదు.

ఒకప్పుడు తలుపులు మూసుకున్న ఈ టోర్నీయే 1968లో ప్రొఫెషనల్స్‌ను, అంటే డబ్బు కోసం ఆడేవాళ్లను, ఆడనిచ్చిన తొలి గ్రాండ్‌స్లామ్ (నాలుగు అతిపెద్ద టెన్నిస్ టోర్నీల్లో ఒకటి) అయింది. ఆ ఏడు సమ్మెలతో దేశం స్తంభించినా ఆట ఆగలేదు. పురుషుల ఫైనల్లో రోజ్‌వాల్ లేవర్‌ను ఓడించాడు. మహిళల విజేత నాన్సీ రిచీ మాత్రం అమెచ్యూర్ కావడంతో ప్రైజ్‌మనీ తీసుకోలేకపోయింది.

ఇక ఇక్కడి కోర్టుల మట్టి సంగతి. ఎర్రగా కనిపించేది సున్నపురాయి పొర మీద పరిచిన ఇటుక పొడి, మందం రెండు మిల్లీమీటర్లకు మించదు. బంతి నెమ్మదించి ఎత్తుగా లేస్తుంది. సర్వీస్‌నే నమ్ముకున్నవాళ్లకు ఇక్కడ చుక్కలే. పద్నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన సాంప్రాస్‌కు ఈ ఒక్కటీ దక్కలేదు. బోర్గ్‌కు ఆరు, క్రిస్ ఎవర్ట్‌కు ఏడు, నాదల్‌కు ఏకంగా 14 టైటిళ్లు! ఆ స్పెయిన్‌వాడి విగ్రహం 2021 నుంచి స్టేడియం ఆవరణలోనే ఉంది. హైదరాబాదీ సానియా మీర్జా కూడా 2012లో భూపతితో కలిసి ఇక్కడ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది.

ఫ్రెంచి అమ్మాయిల్లో చివరి విజేత 2000లో మేరీ పియర్స్. 2025లో 361వ ర్యాంకర్ లోయిస్ బోయిసన్ వైల్డ్‌కార్డ్‌తో (నిర్వాహకులిచ్చే ప్రత్యేక ప్రవేశంతో) వచ్చి సెమీస్ చేరేసరికి ఊరంతా ఊగిపోయింది. ఆమెను ఆపిన అమెరికన్ కోకో గాఫ్ టైటిల్ కూడా పట్టుకెళ్లింది.