కనెక్ట్‌కు టైమవుట్ ఎందుకు లేదు?

1983లో 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో సాకెట్లు (ప్రోగ్రాం నెట్‌వర్క్‌తో మాట్లాడే కొసలు) వచ్చినప్పుడు, అవతలి మెషిన్‌తో కనెక్షన్ కలిపే కనెక్ట్ ఫంక్షన్‌కు ఇచ్చింది మూడే ఆర్గ్యుమెంట్లు: సాకెట్, అడ్రస్, ఆ అడ్రస్ పొడవు. ఎంతసేపు ఆగాలో, అంటే టైమవుట్ ఎంతో, చెప్పడానికి అందులో చోటే లేదు. ఆ నిర్ణయం ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌కు వదిలేశారు. ఇప్పటికీ అంతే.

అవతలి మెషిన్‌లో పోర్టు మూసి ఉంటే మామూలుగా తిరస్కరణ వెంటనే వచ్చేస్తుంది, పేచీ లేదు. మధ్యలో ఏ ఫైర్‌వాలో ప్యాకెట్‌ను చప్పుడు లేకుండా పారేసినప్పుడే అసలు చిక్కు. అప్పుడు లినక్స్ ఏళ్ళ తరబడి చేసిందిది: కనెక్షన్ కావాలని అడిగే సిన్ ప్యాకెట్ ఒకటి పంపి సెకను ఆగడం, జవాబు లేకపోతే మళ్ళీ పంపి 2 సెకన్లు, తర్వాత 4, 8, 16, 32, 64. మొత్తం 127 సెకన్లు. ఎవరు ఎదురుచూస్తున్నారో కెర్నల్‌కు తెలియదు కాబట్టి దాని ఓపిక సబబే. పేజీ కోసం కూర్చున్న మనిషికి మాత్రం ఆ రెండు నిమిషాలు భరించరానివి.

సీ భాషలో రాసేవాళ్ళు సాకెట్‌ను నాన్-బ్లాకింగ్‌లో (పని అయ్యేదాకా ప్రోగ్రామును ఆపని పద్ధతిలో) పెట్టి, గడువు ఇచ్చి ఎదురుచూడనిచ్చే సెలెక్ట్‌తో గట్టెక్కారు. పెర్ల్ భాషలో అందరి చేతికీ దొరికింది అలారం సిగ్నల్, చెప్పిన సమయానికి కెర్నల్ ప్రోగ్రాముకు పంపే హెచ్చరిక. తప్పిదాలను పట్టుకునే ఎవాల్ లోపల అలారం పెట్టడం, మోగితే డై అని ఆ పనిని ఆపేయడం. అదీ పూర్తి భరోసా కాదు. 2002లో వచ్చిన పెర్ల్ 5.8 సిగ్నళ్ళను సురక్షితం చేయడానికి వాటిని వాయిదా వేసింది. దాంతో పని సీ లైబ్రరీ లోపల ఇరుక్కుపోతే, అది బయటికి వచ్చేదాకా సిగ్నల్‌కు స్పందించే హ్యాండ్లర్ నడవదు.

పైథాన్ భాషకు సాకెట్‌పై గడువు పెట్టే సెట్‌టైమవుట్ 2003లో, 2.3 వెర్షన్‌తో వచ్చింది. 2008లో 2.6 తెచ్చిన క్రియేట్_కనెక్షన్ ఆ గడువును నేరుగా తీసుకుంటుంది. కానీ మనం ఏమీ చెప్పకపోతే వర్తించే డిఫాల్ట్ నన్ (ఏమీ లేదు), అంటే పైథాన్ తనంతట తాను ఏ గడువూ పెట్టదు. ఇది తప్పుడు డిఫాల్టని నా గట్టి అభిప్రాయం. కనెక్షన్ కుదిరాక డేటా కోసం ఆగేటప్పుడు కనెక్ట్‌కు కెర్నల్ పెట్టే ఆ హద్దు కూడా వర్తించదు. సర్వర్ మౌనంగా ఉండిపోతే స్క్రిప్టు రోజుల తరబడి అలాగే పడి ఉండగలదు.

గడువు పెట్టినా లెక్క చూసుకోవాలి. క్రియేట్_కనెక్షన్ మనం ఇచ్చిన సర్వర్ పేరుకు దొరికిన ప్రతి అడ్రస్‌నూ వరసగా ప్రయత్నిస్తుంది, గడువు ఒక్కోదానికి విడివిడిగా. 5 సెకన్లు ఇచ్చి, నాలుగు అడ్రస్‌లూ పలకకపోతే 20 సెకన్లు పోతాయి. పేరు నుంచి అడ్రస్ కనుక్కునే డీఎన్‌ఎస్ వెతుకులాట సమయం ఈ గడువు కిందికి రానే రాదు. మొత్తం పని ఇంతలో ముగియాలంటే ఆ గడియారాన్ని స్క్రిప్టే పట్టుకుని, ప్రతి అడుగుకూ మిగిలిన సమయాన్ని లెక్కగట్టి ఇవ్వాలి.