నీళ్లకు ఎదురెక్కిన సైకిళ్లు

చిరంజీవులు బుజ్జి, చిన్నాలను తాతయ్య ఆశీర్వదించి రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. (ఇలా మొదలుపెట్టకపోతే అది ఉత్తరమే కాదనేవారు మా నాన్న.)

మొన్న ఫోన్లో ఇద్దరూ ఒకటే అడిగారు: చైనాలో అంత దూరం సైకిలు తొక్కాలనుకున్నవాడివి, మంచి ఎండ కాసే రోజులు చూసుకోకుండా జడివానలో ఎందుకు బయల్దేరావు తాతయ్యా అని. ఫోన్లో చెబితే సగం మీ అమ్మ లాగేసుకుంటుంది, సగం సిగ్నల్ మింగేస్తుంది. అందుకే రాస్తున్నాను.

ముందు దారి సంగతి. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌ నుంచి చెంగ్డూ దాకా పోయే పాత జాతీయ రహదారి ఒకటుంది, నంబరు 321. నేనూ నా స్నేహితుడూ దాన్నే పట్టుకున్నాం. వూజౌ, మెంగ్‌షాన్, లీపు, యాంగ్‌షువో మీదుగా గుయ్‌లిన్. అది దాటాక లోంగ్‌షెంగ్ కొండలెక్కి సాన్‌జియాంగ్. ఒక్క గుయ్‌లిన్ దాకానే సుమారు 500 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్‌వేల మీదికి సైకిళ్లను రానివ్వరు. పెద్ద లారీలు చాలావరకు అటే పోతాయి కాబట్టి పాత రోడ్డు కాస్త మనకు మిగులుతుంది. అట్లాసు తెరిచి చూడండి: గుయ్‌లిన్ పక్కనుంచి లీ నది దక్షిణానికి పారి, వూజౌ దగ్గర షీ నదిలో కలిసి, గ్వాంగ్‌జౌ వైపు సముద్రానికి పోతుంది. మేం వెళ్లింది నీళ్లు వచ్చే దిక్కుకు.

ఇక వాన. మనకు తొలకరి మృగశిరకు గాని రాదు. దక్షిణ చైనా సముద్రం మీదికి మాత్రం వేసవి రుతుపవనం సాధారణంగా మే నెల మధ్యకే వచ్చేస్తుంది. అంతకు ముందు ఏప్రిల్ నుంచే అక్కడ జల్లులు పడుతుంటాయి. జూన్ ప్రాంతంలో డ్రాగన్ పడవల పండుగ వచ్చేసరికి కుండపోత. గుయ్‌లిన్‌లో ఏడాదికి సుమారు 1,900 మిల్లీమీటర్లు కురుస్తుంది. మన హైదరాబాదుకు 800 పడితే బాగా పడ్డట్టు. ఆ దారిలో నేను చూడాలనుకున్నవన్నీ ఆ వాన చేసినవే. వాన వద్దనుకుని వెళ్లి ఏం చూడను?

యాంగ్‌షువో కొండల్నే తీసుకోండి. వరిపొలాల మధ్య నిట్టనిలువుగా, ఒకదానికొకటి సంబంధం లేనట్టు నిలబడి ఉంటాయి. చైనా 20 యువాన్ల నోటు వెనక ఉన్న బొమ్మ అదే, షింగ్‌పింగ్ దగ్గరి లీ నది ఒడ్డు. అదంతా 35 కోట్ల ఏళ్లకు పైబడిన సున్నపురాయి, ఒకప్పటి సముద్రపు అడుగు. వాననీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ పులుపు సున్నపురాయిని కరిగిస్తుంది. పగుళ్లలో దిగిన నీరు లోపల గుహలు తొలుస్తుంది, పైన లోయలు కోస్తుంది. కరగక మిగిలిందే కొండ. అరకు వెళ్లినప్పుడు బొర్రా గుహల్లో పైకప్పు నుంచి చుక్కలు కారుతుంటే చిన్నా గొడుగు అడిగాడు, గుర్తుందా? అక్కడ జరిగేదీ ఇదే పని. తేడా ఏమిటంటే, గుయ్‌లిన్‌లో అది కొన్ని వందల కిలోమీటర్ల మేర జరిగింది.

వూజౌలో ఇంకో వింత. పాత బజారులో ఇళ్ల పై అంతస్తు కాలిబాట మీదికి స్తంభాలతో ముందుకు వచ్చి ఉంటుంది. దాని కింద నడిచిపోతే చినుకు పడదు. ఆ స్తంభాలకు మనిషి ఎత్తుకు పైన ఇనుప కడియాలున్నాయి. అవి ఎందుకో చెప్పుకోండి చూద్దాం. వరదలో పడవలు కట్టుకోవడానికి! పై అంతస్తులో మెట్లే లేని తలుపులుంటాయి, అక్కణ్ణుంచి నేరుగా పడవలోకి దిగడానికి. 2005 జూన్‌లో కూడా ఆ ఊరు పెద్ద వరద చూసింది.

మెంగ్‌షాన్, లీపుల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఎక్కడం, తడవడం, దిగడం, అంతే. లీపు చేమదుంప మాత్రం రాజుల కాలం నుంచీ పేరుమోసింది.

సైకిలు సంగతులు శ్రద్ధగా చదవండి. రిమ్ముకు పట్టే బ్రేకులున్న సైకిలు వానలో వెంటనే ఆగదు. రబ్బరు ముక్కలు ముందు రిమ్ము మీది నీటిని తుడవాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. కాబట్టి దిగుడులో చాలా ముందునుంచే మెల్లగా నొక్కుతూ పోవాలి. డిస్క్ బ్రేకులకు ఈ బాధ తక్కువ. రోడ్డు మీది తెల్లగీతలు, మ్యాన్‌హోల్ మూతలు తడిస్తే జారుడుబండలే, వాటి మీద హ్యాండిల్ తిప్పకూడదు. వాన చైను మీది నూనెను కడిగేస్తుంది. ఆ తడికి అంటిన ఇసుక చైను చక్రాల పళ్లను అరగదీస్తుంది. ఎంత అలసిపోయినా రాత్రికి గుడ్డతో తుడిచి నూనె వేశాకే భోజనం. బూట్లలో పాత పేపర్లు కుక్కి పడుకుంటే తెల్లారేసరికి సగమైనా ఆరతాయి.

అక్కడ సైకిలు వాళ్లంతా హ్యాండిల్ మీదుగా కప్పే చేతుల్లేని రెయిన్‌కోటు వేసుకుంటారు. ఊళ్లో బాగుంటుంది. ఎదురుగాలిలో మాత్రం తెరచాపలా ఉబ్బి మనల్ని వెనక్కి లాగుతుంది. మామూలు రెయిన్‌కోటేమో, ఆ ఉక్కలో లోపలి చెమటతోనే తడిపేస్తుంది. చివరికి మేం తడవడానికే సిద్ధపడ్డాం. వాన వెచ్చనిది, పెడలు తొక్కుతున్నంతసేపు చలి వేయదు. ఆగితేనే వణుకు. అందుకే ఒక జత పొడిబట్టలు రెండు ప్లాస్టిక్ సంచుల్లో మూటకట్టి ఎప్పుడూ అడుగున ఉంచేవాళ్లం.

ఇంకో మాట. అక్కడ బండ్లన్నీ కుడిపక్కన నడుస్తాయి. వానకు కళ్లు చికిలించుకుంటూ కూడలి దాటేటప్పుడు ఎడమకు పోయే మన అలవాటు లోపల్నుంచి తోస్తూనే ఉంటుంది.

లోంగ్‌షెంగ్ దగ్గర లోంగ్‌జీ మళ్లు సుమారు 300 మీటర్ల ఎత్తు నుంచి 1,100 మీటర్ల దాకా మెట్లు మెట్లుగా ఎక్కిపోతాయి. జువాంగ్, యావో ప్రజలు తరాల తరబడి మలిచినవి. కొండ నెత్తిన అడవిని ఉంచారు. అది వాననీటిని పట్టి ఊటగా వదులుతుంది, ఆ నీరు ఒక మడి నిండి కింది మడిలోకి దిగుతుంది. జూన్‌లో నాట్లు. నడుం వంచి నారు గుచ్చుతున్న ఆడవాళ్లను చూస్తే కోనసీమే అనిపించింది, కాకపోతే నిలబెట్టిన కోనసీమ.

సాన్‌జియాంగ్ దగ్గర డోంగ్ ప్రజలు వంతెనలకు కూడా కప్పు వేస్తారు. చెంగ్‌యాంగ్ వంతెన పని ఇనుప మేకులు లేకుండా, కర్రలో కర్ర బిగించి 1912లో మొదలైంది. 1983 వరదలో కొంత భాగం కొట్టుకుపోతే మళ్లీ కట్టుకున్నారు. లోపల రెండు వైపులా బల్లలుంటాయి, వాన వెలిసేదాకా ఎవరైనా కూర్చోవచ్చు.

అమ్మమ్మ అడిగింది ఒకటే, తిండెలా అని. పొద్దున బియ్యపు నూడుల్స్, పైన వేరుశనగలు, ఊరబెట్టిన చిక్కుడు. మాంసం వద్దని సైగ చేస్తే తీసేసేవారు, చారు దేనితో కాచారో మాత్రం నేను అడగలేదు. కొండల్లో నూనె టీ ఇస్తారు: తేయాకు, అల్లం కలిపి దంచి, నూనెలో వేయించి, ఉప్పేసి కాచి, మరమరాల మీద పోస్తారు. మొదటి గిన్నె చేదు. ఎముకల దాకా తడిసినవాడికి రెండో గిన్నె అడగాలనిపిస్తుంది.

కొండలు పగిలేంత వాన పడినరోజు, రోడ్డు మీద కొత్తగా రాళ్లు దొర్లి కనిపించినరోజు బయటికి కదల్లేదు, హోటల్లో బట్టలు ఆరబెట్టుకున్నాం. ఇది మీ అమ్మకు తప్పక చదివి వినిపించండి. వాన అసలు వద్దనుకునేవాళ్లకు అక్టోబరు మేలు, అప్పటికి మళ్లు పండి ఉంటాయి. మీరు ఏ నెలంటారో జవాబు రాయండి. చిన్నా సైకిలుకు వెనక మడ్‌గార్డు లేదని మీ నాన్న చెప్పాడు, దసరాకు వచ్చినప్పుడు వేయిస్తాను.

ఆశీస్సులతో,
తాతయ్య