ప్లగ్గు ఎందుకు వేడెక్కుతుంది?

రోహిణి కార్తె ఎండలకు నెల్లూరులో చాలా ఇళ్లలో పగలూ రాత్రీ కూలర్ తిరుగుతూనే ఉంటుంది. గోడకున్న సాకెట్ అందదు కాబట్టి మధ్యలో ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు పెడతాం. దానికే టీవీ, సెల్ ఛార్జరు, పొద్దున పూట ఇస్త్రీ పెట్టె. ఏదైనా తేడా వస్తే ఎమ్‌సీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆగిపోయే మెయిన్ బోర్డు స్విచ్) పడిపోతుందిలే అని ధీమా.

ఆ ధీమా పనికిరాదు. ఎమ్‌సీబీ పెట్టింది గోడలోని వైరింగును కాపాడటానికి. మనం బజార్లో కొన్న వైరు ఎంత సన్నదో దానికి తెలియదు. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు భద్రంగా మోసేది సుమారు 3 ఆంపియర్లే. దానికి 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ తగిలిస్తే, 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు పారతాయి. వైరు కమురు వాసన కొడుతున్నా 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ కదలదు. పైగా కరెంటు రెండింతలైతే వైరులో పుట్టే వేడి నాలుగింతలవుతుంది.

దీనికి మన ఎండలు తోడు. వైరు మీది మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. డిసెంబరులో గది 25 డిగ్రీలుంటే వైరు ఇంకో 45 డిగ్రీలు వేడెక్కినా ఇబ్బంది లేదు. మే నెలలో రేకుల ఇంట్లో 45 ఉంటే మిగిలేది 25 మాత్రమే. చలికాలమంతా బాగా పనిచేసిన బాక్సు, అదే లోడుతో, ఎండాకాలంలో కాలిపోవచ్చు. మిగిలిన వైరును చుట్ట చుట్టి మంచం కిందికి తోస్తే మరీ ప్రమాదం. లోపలి చుట్ల వేడి బయటికి పోయే దారి ఉండదు. వాడేటప్పుడు వైరును పూర్తిగా విప్పి పరచాలి.

అన్నిటికన్నా నాకు భయం వేసేది లూజ్ కాంటాక్టు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి ఇత్తడి పిన్నులు నల్లబడతాయి, కొన్నిచోట్ల పచ్చగా చిలుము పడుతుంది. ఆ పొర కరెంటుకు అడ్డు. అక్కడ 0.2 ఓమ్‌ల నిరోధం ఏర్పడి 8 ఆంపియర్లు పారితే దాదాపు 13 వాట్ల వేడి పుడుతుంది. వినడానికి చిన్న అంకె. కానీ అదంతా బియ్యపు గింజంత చోటే పుడుతుంది. ఆ వేడికి సాకెట్ లోపలి పట్టీ బిగువు పోతుంది, పట్టు సడలేకొద్దీ వేడి ఇంకా పెరుగుతుంది. బాక్సును వెలుతురులో పెట్టి చూడండి. మూడు రంధ్రాల్లో ఒక్కదాని అంచు మాత్రమే గోధుమరంగుకు తిరిగి ఉంటే రోగం ముదిరినట్టే. అరగంట వాడాక స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ముట్టుకుని చూడటం ఇంకా మంచి పరీక్ష. గోరువెచ్చగా ఉంటే లోడు తగ్గించాలి. చురుక్కుమంటే ఆ బాక్సు మార్చాల్సిందే. టేపు చుట్టి నెట్టుకురావడం కుదరదు.

కూలర్ వాడుకునే కరెంటు తక్కువే, 200 వాట్లకు అటూఇటూ. దాంతో వచ్చే ముప్పు వేరు: ఇనుప ఒళ్లు, లోపల నీళ్లు. మోటారు దగ్గర ఫేజు బాడీకి తగిలితే కాపాడేది ఎర్తు. చౌక బాక్సులు కొన్నిట్లో మూడు రంధ్రాలుంటాయి, వైరు మాత్రం రెండు కోర్లదే, అంటే లోపల రెండు తీగలే. ఎర్తుకని పెట్టిన మూడో రంధ్రం ఉత్తదన్నమాట. వైరు మీద 3 కోర్ అనీ, ఎన్ని చదరపు మిల్లీమీటర్లనీ అచ్చువేసి ఉందో చూసి, ఐఎస్ఐ గుర్తున్నదే కొనాలి. ఇస్త్రీ పెట్టెకు కనీసం 1 చదరపు మిల్లీమీటరు, 16 ఆంపియర్ల ప్లగ్గుకైతే 1.5 కావాలి. గీజరు, ఏసీ లాంటివి ఎక్స్‌టెన్షన్ మీద అసలు వద్దు. వాటికి విడిగా పవర్ పాయింటు పెట్టించాలి. ఇంటికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టిస్తే, ఒంట్లోకి కరెంటు పారినా చాలావరకు క్షణంలో తెగిపోతుంది. కూలర్‌లో నీళ్లు పోసే ముందు ప్లగ్గు పీకే అలవాటు ఎలాగూ ఉండాలి.

నవంబరు తుపానులకు ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు తడిసిన బాక్సును చాలామంది ఎండలో పెట్టి మళ్లీ వాడతారు. నీళ్లు ఆరతాయి, ఉప్పూ బురదా లోపలి పట్టీల మధ్యే ఉండిపోతాయి. మళ్లీ ముసురు పట్టి గాలిలో చెమ్మ పెరిగితే ఆ ఉప్పు తడిసి కరెంటుకు దారిస్తుంది. మునిగిన బాక్సును పారేయండి. ప్లగ్గులోకి నీళ్లు పోయి ఉంటే వైరు కూడా మార్చాలి, ఎందుకంటే ఆ నీళ్లు పోచల వెంట తొడుగు లోపలికి పాకుతాయి.