మూడో సూత్రం ఎవరిది? కణ సిద్ధాంతంలో రెమాక్‌కు దక్కని చోటు

జీవుల శరీరాలు కణాలతో నిర్మితమని చెప్పే కణ సిద్ధాంతంలో, కణాలన్నీ అంతకుముందున్న కణాల నుంచే పుడతాయన్నది మూడో సూత్రం. దాని ఘనతను 19వ శతాబ్దపు జర్మన్ వైద్య శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కోకు ఇవ్వాలా, ఆయన సమకాలికుడు రాబర్ట్ రెమాక్‌కు ఇవ్వాలా అన్న తగవు మళ్లీ మొదలైంది. బెండు ముక్కలో రాబర్ట్ హుక్ చూసిన గదుల గురించి, లీవెన్‌హుక్ కటకాల గురించి బడిలో అందరూ చదివినదే కనుక ఇక్కడ వాటి జోలికి పోనక్కర లేదు. ఈ తగవు అర్థం కావాలంటే, 1838, 1839లలో రూపుదిద్దుకున్న సిద్ధాంతంలోని ఒక పెద్ద తప్పును ముందుగా గమనించాలి.

మొక్కల శరీరం కణాలతో నిర్మితమైందని జర్మన్ శాస్త్రవేత్త ష్లైడన్, జంతువుల శరీరమూ అంతేనని ఆయన దేశస్థుడే అయిన ష్వాన్ చెప్పినది నిజమే. అయితే కొత్త కణం ఎలా పుడుతుందన్న ప్రశ్నకు ఇద్దరూ ఇచ్చిన జవాబు మాత్రం తప్పు. రూపం లేని ఒక పోషక ద్రవంలో ముందు కేంద్రకం పేరుకుంటుందని, దాని చుట్టూ కణం ఏర్పడుతుందని వారు నమ్మారు. ఆ ద్రవానికి ష్వాన్ సైటోబ్లాస్టీమా అని పేరు పెట్టి, అందులో కణం పుట్టుకను స్ఫటికం ఏర్పడటంతో పోల్చారు. ప్రాణశక్తి ప్రసక్తి లేకుండా భౌతిక నియమాలతోనే జీవాన్ని వివరించే వీలు కల్పించినందువల్ల ఆ కాలపు యువ శాస్త్రవేత్తలకు ఈ వివరణ బాగా నచ్చింది. శైవలాల్లో ఒక కణం రెండుగా చీలడాన్ని 1832లో బెల్జియంకు చెందిన డుమోర్టియే, ఆ తరువాత జర్మనీలో హ్యూగో ఫాన్ మోల్ వర్ణించినా, అవి సిద్ధాంతాన్ని కదిలించే సాక్ష్యాలుగా కాక విడి ఉదాహరణలుగానే మిగిలిపోయాయి. వైద్యంలోనూ ఇదే నమ్మకం పాతుకుపోయింది: రక్తనాళాల నుంచి ఊరిన ద్రవంలో చీము కణాలు, కణితి కణాలు కొత్తగా పుడతాయని వియన్నాలో రోకిటాన్‌స్కీ వంటి దిగ్గజాలు బోధించేవారు.

ఈ భవనాన్ని పునాదితో సహా పెకలించిన వ్యక్తి రెమాక్. 1815లో, అప్పటి ప్రష్యా ఏలుబడిలో ఉన్న పోజెన్‌లో (నేటి పోలండ్‌లోని పొజ్నాన్) యూదు కుటుంబంలో జన్మించి, బెర్లిన్‌లో యోహానెస్ ముల్లర్ వద్ద శిక్షణ పొందారు. యూదులకు ప్రష్యా విశ్వవిద్యాలయాల్లో బోధించే అర్హత ఉండేది కాదు. క్రైస్తవం స్వీకరిస్తే తలుపులు తెరుచుకునేవి; రెమాక్ అందుకు ఒప్పుకోలేదు. 1843లో నేరుగా రాజుకు పెట్టుకున్న అర్జీ తిరస్కరణకు గురైంది. అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ వంటివారి అండతో చివరకు 1847లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఉపన్యాసకుడయ్యారు గాని, దానికి స్థిరమైన జీతం లేదు.

ఇంతటి ఇరుకులోనే 1841లో ఆయన కోడి పిండంలోని రక్తకణాలు విభజన చెందడాన్ని వర్ణించారు. ఒక్క రక్తకణాలను చూసి సాధారణ నియమం ప్రకటించడానికి తొందరపడక, మరో దశాబ్దం పాటు పిండాలపైనే పని చేశారు. కప్ప గుడ్లను రసాయన ద్రావణాల్లో గట్టిపరిచి, విభజన సమయంలో కణత్వచం కూడా చీలుతుందని చూపగలిగారు. ఫలదీకరణ చెందిన ఒకే గుడ్డు పదేపదే విభజన చెందడం వల్లనే పిండంలోని కణాలన్నీ వస్తున్నాయని తేలింది. నిర్జీవ పదార్థం నుంచి జీవులు వాటంతటవే పుడతాయన్న పాత నమ్మకం ఎంత అసంభవమో, కణాలకు వెలుపల కణాలు పుడతాయన్న మాటా అంతే అసంభవమని 1852లో ఆయన ముల్లర్ పత్రికలో రాశారు. 1838 నాటి ష్లైడన్ వ్యాసం వెలువడినదీ ఆ పత్రికలోనే. రోగగ్రస్త కణజాలానికీ ఇదే నియమం వర్తిస్తుందని రెమాక్ సూచించారు కనుక, వైద్యానికి దాన్ని అన్వయించినది విర్కో ఒక్కరేనన్న వాదన పూర్తిగా నిలబడదు.

విర్కో 1840లలో సైటోబ్లాస్టీమా వాదాన్ని నమ్మినవారే. 1855లో తన పత్రికలో రాసిన వ్యాసంలో ‘ప్రతి కణమూ కణం నుంచే’ అన్న లాటిన్ సూత్రాన్ని ప్రకటించినప్పుడు రెమాక్ పేరు ప్రస్తావించలేదు. రెమాక్ అందుకు నిరసన తెలుపుతూ ఆయనకు లేఖ కూడా రాశారు. పైగా ఆ లాటిన్ మాట ఫ్రెంచి శాస్త్రవేత్త రాస్పయ్ 1825లోనే వాడినది. విర్కో పక్షం వాదన ఏమిటంటే, ఆయన 1858లో బెర్లిన్ వైద్యులకు ఇచ్చిన 20 ఉపన్యాసాల పుస్తకమే ఈ భావనను ఆసుపత్రి గదుల్లోకి తీసుకెళ్లిందని. అది కాదనలేని విషయం. యూదు ద్వేషాన్ని బహిరంగంగా వ్యతిరేకించిన ఉదారవాది కనుక, ఆయన మౌనానికి మత వివక్షను కారణంగా చూపడమూ న్యాయం కాదు. అయితే 1856లో బెర్లిన్‌లో ఆచార్య పీఠం, సొంత పత్రిక చేతిలో ఉన్న వ్యక్తి మాటకు, జీతం లేని ఉపన్యాసకుడి మాటకు దక్కే వ్యాప్తి ఒకటే అవుతుందా?

రెమాక్‌కు 1859లో సహాయ ఆచార్య పదవి మాత్రమే దక్కింది. 1865లో మరణించేనాటికి పూర్తి ఆచార్యుడు కాలేదు. మన నీట్ అభ్యర్థులు చదివే 11వ తరగతి ఎన్‌సీఈఆర్‌టీ జీవశాస్త్రం, కణాలు విభజన చెంది కొత్త కణాలు ఏర్పడతాయని మొదట వివరించినది విర్కో అని, సంవత్సరం 1855 అని చెబుతుంది. ‘మొదట’ అన్న ఆ మాట 1841, 1852 నాటి ప్రచురణల ముందు నిలవదు.