అపోహలు - వాస్తవాలు: “22 ఇంచుల చైన్ ఇయ్యన్నా” అంటే సరిపోదు

ఎండాకాలంలో రాత్రి గాలిదుమారం లేచిందంటే, పొద్దున నేను షట్టర్ ఎత్తకముందే షాపు ముందు ముగ్గురు నలుగురు నిలబడి ఉంటారు. ఒకరికి గుల్మొహర్ కొమ్మ కారు మీద పడింది, ఇంకొకరికి నిద్రగన్నేరు గేటుకు అడ్డంగా ఒరిగింది. చెట్లు కోసే చైన్‌సా మిషన్‌కు చైన్ కావాలి. అందరి నోటా ఒకటే మాట: “అన్నా, 22 ఇంచుల చైన్ ఇయ్యి.” పిచ్ ఎంత, గేజ్ ఎంత అని అడిగితే విసుక్కుంటారు. “పెద్ద మిషనన్నా. 22 ఇంచులని చెప్తున్న కదా!”

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఈ చైన్‌సాలు బాగుచేయబట్టి 19 ఏళ్లు. చెట్లు కోసేవాళ్ల జేబుకు ఇంతకు మించి చిల్లు పెట్టే అపోహ నేను చూడలేదు. ఒక్కోసారి ఒంటికి కూడా దెబ్బే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: బార్ ఇంచులు చెప్తే చైన్ దొరుకుతుంది.

వాస్తవం: ఇంచులు బార్‌కు, అంటే చైన్ చుట్టూ తిరిగే పొడుగు పట్టీకి, చెందిన లెక్క. అదీ మొత్తం బార్ కాదు, మిషన్ బయటికి వచ్చి కోతకు పనికొచ్చే పొడవు. చైన్‌కు మూడు వేరే లెక్కలున్నాయి: పిచ్, గేజ్, డ్రైవ్ లింకుల సంఖ్య. రెండు కలిసి మూడోది తప్పినా ఆ చైన్ మీ మిషన్‌కు పనికిరాదు.

పిచ్ అంటే చైన్ రివెట్ల మధ్య సగటు దూరం. కనుక్కోవడం కష్టమేమీ కాదు. వరుసగా మూడు రివెట్లు చూసుకోండి. మొదటి రివెట్ నడిమి నుంచి మూడో రివెట్ నడిమి దాకా వెర్నియర్ పెట్టండి. అందులో సగం పిచ్, దాన్ని ఇంచుల్లో చెప్తారు. 16.5 మి.మీ. వస్తే అది 325, అంటే 0.325 ఇంచు. 19 వస్తే 3/8, అంటే మేస్త్రీలు చెప్పే మూడు సూతులు. 20.5 వస్తే 404. ఈ తేడాలు కంటితో పోల్చుకునేంత పెద్దవి కావు, కానీ మిషన్‌కు బాగా తెలుస్తాయి. క్లచ్ దగ్గరుండి చైన్‌ను తిప్పే పళ్ల చక్రం స్ప్రాకెట్, బార్ ముక్కులో తిరిగే చిన్న చక్రం, రెండూ ఒకే పిచ్‌కు చేసినవి.

గేజ్ అంటే బార్ గాడిలో నడిచే డ్రైవ్ లింకు మందం. పెద్ద మిషన్లకు 1.3, 1.5, 1.6 మి.మీ. ఉంటాయి, వాటినే ఇంచు లెక్కలో 050, 058, 063 అంటారు. ఇక లింకులు లెక్కపెట్టుకోవడమే. మన దగ్గర ఎక్కువగా తిరిగే 58 సీసీ చైనా మిషన్లకు 22 ఇంచుల బార్ మీద చాలావరకు 325, 058, 86 లింకులు ఉంటాయి. అదే పొడవుకు 3/8 చైన్ అయితే లింకులు పది దాకా తగ్గిపోతాయి. రెండూ “22 ఇంచుల చైనే”!

పోయిన వేసవిలో శంకర్‌పల్లి వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. అప్పు చేసి మిషన్ కొన్నాడు, ఊళ్లో కొమ్మలు కొట్టే పనులు పట్టుకున్నాడు. ఎక్కడో ఇంచులు చెప్పి చైన్ తెచ్చుకుంటే 325 మిషన్ మీదికి 3/8 చైన్ వచ్చింది. గుంజి గుంజి ఎక్కించాడు. నేను కవర్ విప్పి చూస్తే స్ప్రాకెట్ పళ్ల కొనలు నలిగి ఒక పక్కకు మడతపడి ఉన్నాయి. ఆయిల్‌లో ఇనుప పొడి కలిసి బూడిదరంగు ముద్దయింది, వేలితో తీస్తే గరగరమంటోంది. తుమ్మ కొమ్మ మీద ఉండగా చైన్ ఎగిరి బయటపడిందట. కింద చైన్ క్యాచర్, అంటే ఊడిన చైన్‌ను ఆపే కొక్కెం, ఉండబట్టి దానికి తగిలి ఆగింది. ప్యాంటు మాత్రం మోకాలి పైన చీరుకుపోయింది, చర్మం గీసుకుంది.

ఆ అబ్బాయి అడిగింది గాయం గురించి కాదు. “అన్నా, నాకు పట్టుకోవడం రాక ఖరాబైందా?” అన్నాడు. గొంతు వణుకుతోంది. ఇంట్లో ఏం చెప్పాలో అని భయం. నీ చేతిలో తప్పేమీ లేదు తమ్ముడూ, నీకు ఎవరూ మూడు నంబర్లు చెప్పలేదు అన్నాను. స్ప్రాకెట్, బార్, చైన్ మూడూ మార్చాల్సి వచ్చింది.

నేనూ ఈ తప్పు చేశాను. పనిలో చేరిన రెండో ఏడు, బోయిగూడ టింబర్ డిపో నుంచి వచ్చిన పెద్దాయనకు 1.5 గాడి ఉన్న బార్ మీద 1.3 చైన్ ఎక్కించి ఇచ్చాను. 0.2 మి.మీ.తో ఏమవుతుందిలే అనుకున్నాను. గాడిలో చైన్ ఒక పక్కకు ఒరిగి కోత వంకర తిరిగింది, బార్ దుంగలో ఇరుక్కుంది. ఆయన మరునాడు ఆ దుంగ నుంచి ఒక బిళ్ల కోసి తెచ్చి, ఒక్క మాట అనకుండా నా కౌంటర్ మీద పెట్టి వెళ్లాడు. ఒక అంచు రెండు వేళ్ల మందం, రెండో అంచు నాలుగు వేళ్లు. ఆ చెక్క ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కొత్తగా పనికి వచ్చిన కుర్రాళ్లకు ముందు అదే చూపిస్తాను.

ఈ నంబర్లు చాలా బార్ల మీద, మిషన్‌కు బిగించే వైపు చెక్కి ఉంటాయి. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే కనిపిస్తాయి. చైన్ డ్రైవ్ లింకు మీద కూడా కంపెనీ గుర్తు ఉంటుంది. ఓరెగాన్ కంపెనీ చైన్ మీద 21 ఉంటే 325 పిచ్, 058 గేజ్. 73 ఉంటే 3/8, 058.

అపోహ: పిచ్ పెద్దదైతే, బార్ పొడుగైతే తొందరగా కోస్తుంది.

వాస్తవం: 404 చైన్ 90 సీసీ దాటిన మిషన్లకు. పెద్ద పన్ను వెడల్పుగా కోస్తుంది, దాన్ని లాగే సత్తువ ఇంజన్‌లో ఉండాలి. లేకపోతే చెక్కలో పెట్టగానే మూలుగుతూ ఆగిపోతుంది. పొడుగు బార్‌కు ఆయిల్ కూడా ఎక్కువ కావాలి, చిన్న మిషన్ పంపు అంత పోయలేదు, బార్ కాలి నీలం తిరుగుతుంది. మొద్దు లావుగా ఉంటే రెండు వైపుల నుంచి కోయండి.

అపోహ: రేకర్లు బాగా రాకితే కోత దూకుడుగా వస్తుంది.

వాస్తవం: ఇది ఎవరు పుట్టించారో కానీ చేతులు తీసే మాట. రేకర్ అంటే కోతపన్ను ముందుండే చిన్న మెట్టు, పన్ను ఎంత లోతు కోయాలో అదే ఆపుతుంది. కోతపన్ను కంటే రేకర్ 0.65 మి.మీ. కిందికి ఉంటే చాలు. అంతకన్నా దిగితే పన్ను చెక్కను కొరికి లాగుతుంది, మిషన్ ఎగదన్నుతుంది. కోత మందగిస్తే పళ్లకు ఆకురాయి పట్టండి: 325కి 4.8 మి.మీ., 3/8కి 5.2 లేదా 5.5, 404కి 5.5. పొట్టు పెద్ద పెద్ద పెచ్చులుగా రాలుతోందంటే పదును ఉన్నట్టు. పిండిలా రాలుతోందంటే ఆపి సాన పట్టండి, మిషన్‌ను నొక్కకండి.

అపోహ: చేతిలో బలం ఉంటే కిక్‌బ్యాక్ ఆపొచ్చు.

వాస్తవం: బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే బార్ మీ మొహం వైపు లేస్తుంది. మీకు తెలిసేలోపే అయిపోతుంది. పహిల్వాన్ అయినా అంతే. ఎడమ బొటనవేలు ముందు హ్యాండిల్ చుట్టూ తిప్పి పట్టండి. బార్‌కు ఎదురుగా కాకుండా ఒక పక్కకు నిలబడండి. భుజం ఎత్తు దాటి కోయకండి. అడ్డమొస్తోందని చైన్ బ్రేక్ గార్డ్ విప్పేసినవాళ్ల మిషన్ నా షాపుకు వస్తే, అది బిగించకుండా తిరిగి ఇవ్వను. ఈ మిషనంటే భయంగా ఉందని చెప్పేవాళ్లంటే నాకు గౌరవం. ఆ భయాన్ని పోగొట్టుకోకండి.

మిగతావి గబగబా చెప్తాను. వాడేసిన నల్ల ఇంజనాయిల్ బార్ ఆయిల్ కాదు. దానిలోని ఇనుప నలుసులు పంపునూ బార్‌నూ తినేస్తాయి. వేడి మీద బిగించిన చైన్‌ను పని అయ్యాక వదులు చేయాలి, చల్లారితే కుంచించుకుపోయి బేరింగుల మీద పడుతుంది. సిటీ రోడ్ల పక్క చెట్లలో బోర్డుల మేకులు, ట్రీగార్డు ఇనుము లోపల మునిగి ఉంటాయి, బెరడు చూసి కోయండి. ఇలాంటి చెట్లకు సెమీ చిజెల్ పళ్లే, అంటే మూల గుండ్రంగా ఉండేవే, మేలు, మొన తొందరగా పోదు. కరెంటు తీగ మీద పడిన కొమ్మ జోలికి, లైన్‌మన్ వచ్చి లైన్ తీసేశానని చెప్పేదాకా పోకండి. వీధిలో కరెంటు పోయిందన్న మాట నమ్మకండి. నిలబడి ఉన్న చెట్టును కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి.

చైన్ కోసం వచ్చేటప్పుడు పాతది తెగిపోయినా పారేయకండి. ముక్కలన్నీ సంచిలో వేసుకుని, బార్ కూడా విప్పి తీసుకురండి. లింకులు నేను లెక్కపెట్టి ఇస్తాను.