పెద్ద చెరువు పక్క ప్లాటు: అపోహలు, వాస్తవాలు

దస్తావేజులు రాయడం నా పని. విజయనగరంలో చెరువుల దగ్గర స్థలం కొనడానికి వచ్చేవాళ్ల నోట కొన్ని మాటలు అస్సలు మారవు.

అపోహ: రాజులనాటి కాగితం ఉంది, ఇంక తిరుగులేదు.

బ్రోచర్లలో వెయ్యేళ్ల నగరం అని వేసేస్తారు గానీ, విజయనగరం రాజులైన పూసపాటి వారు ముందు ఉన్నది కుమిలిలో, ఇక్కడ కోటకి పునాది పడింది 1713లో. 1802 శాశ్వత శిస్తు పద్ధతి తర్వాత రైతు జమీందారుకి, జమీందారు ఈస్టిండియా కంపెనీకి కట్టేవారు. ఆ కాలం రసీదులు ట్రంకుపెట్టెల్లోంచి తెచ్చి మరీ చూపిస్తారు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. అయితే 1948 చట్టంతో జమీందారీ ఎస్టేట్లు రద్దయి, సర్వే జరిగాక రైతువారీ పట్టా (ప్రభుత్వం నేరుగా రైతు పేర ఇచ్చేది) ఎవరికి దక్కిందన్నదే అసలు లెక్క. అది ఆ సర్వే తర్వాత రాసిన భూమి రికార్డు, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో కనిపిస్తుంది. సర్వే నంబరుకి ఎదురుగా చెరువు పోరంబోకు అనో గెడ్డ (వాగు) పోరంబోకు అనో ఉంటే అది సర్కారు భూమి, తర్వాత ఎన్ని చేతులు మారినా అక్కడితో ఆగిపోండి.

అపోహ: ఈసీ క్లీన్‌గా ఉంది కదా, టెన్షన్ ఎందుకు?

ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. రిజిస్టరైన లావాదేవీలేవో అది చెబుతుంది, అమ్మినవాడికి హక్కుందో లేదో చెప్పదు. పైగా కంప్యూటర్ ఈసీ 1983 నుంచే. అంతకుముందువి కావాలంటే పాత పుస్తకాలు వెతికించాలి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితా కూడా చూడండి.

అపోహ: ఏళ్ల తరబడి నీళ్లే లేవు, ఇంకెక్కడి చెరువు?

ఇదే ఎక్కువమందిని ముంచేది. సైటు ఎప్పుడూ ఎండాకాలంలోనే చూపిస్తారు. నెర్రెలిచ్చిన నేల మీద నాలుగు లారీల గ్రావెల్ పోసి, సున్నంతో గీతలు గీసి, మూలకో రాయి పాతేసరికి మనకి ఇల్లు కనిపించేస్తుంది. (పైడితల్లి అమ్మవారు దొరికింది పెద్ద చెరువులోనే అంటారు, అమ్మేవాళ్లు ఒట్టు వేసేదీ ఆవిడ మీదే!) చెరువు హద్దంటే ఈ ఏడు నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయన్నది కాదు, నిండా నిండితే ఎక్కడిదాకా వస్తాయన్నది. దాని బయట కూడా, 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు వదిలే కట్టుకోవాలి. సర్వేయరుతో ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) పట్టుకుని కొలిపించండి, తర్వాత తుపాను వానలప్పుడు ఒకసారి వెళ్లి చూడండి. మదుము (చెరువు తూము) నుంచి పొలాలకి పోయే పాత కాలవ మీ ప్లాటు మధ్యలోంచే ఉందేమో అప్పుడు తెలుస్తుంది.

పంచాయతీ సంతకం ఉంటే చాలన్నది ఇంకో అపోహ. లేఔట్‌కి ఎల్‌పీ నంబరు, అంటే లేఔట్ అనుమతి నంబరు అడగండి. 'అప్లై చేశాం బాబూ, వచ్చేస్తాది' అంటే, వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.