మంచె మీద కేక, జేబులో సెల్లు

శ్రీకాకుళం
దసరా సెలవులు అయిన మర్నాడు

చిరంజీవులు మా వీధి గుంటలందరికీ తాత ఆశీస్సులు.

మందస అవతల కొండ వార అమ్మమ్మగారి ఊరు వెళ్లొచ్చిన పిల్ల నిన్న సాయంత్రం మా అరుగెక్కి కూర్చుని అడిగింది. "తాతా, ఇక్కడైతే అమ్మ సెల్లు రాత్రి దాకా వస్తాది. అమ్మమ్మ ఊర్లో మధ్యాన్నం అన్నాలయ్యేసరికే ఎర్రగీత చూపిస్తాది. నేను ఆటలాడలేదు, ఒట్టు. ఎందుకేటి?"

పిల్ల అబద్ధం చెప్పలేదు. ఆటలాడింది ఎవరూ కాదు. ఆ సెల్లు ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ కేకలేస్తూనే ఉంది, మన చెవికి వినపడని కేకలు. అరిచి అరిచి సొమ్మసిల్లింది.

మంచె అంటే మీలో సగం మందికి తెలీదు. మా చిన్నతనంలో పంట గింజ పట్టే వేళకి చేను మధ్య నాలుగు గుంజలు పాతి, పైన తడకేసి, కావలికి ఒక మనిషిని కూర్చోబెట్టేవారు. పగలు పిట్టలు, రాత్రి అడవిపందులు. ఇల్లు గట్టు పక్కనే ఉంటే కావలివాడు మామూలు గొంతుతో "అన్నం తెండర్రా" అన్నా వినపడేది. మధ్యలో గెడ్డ, అంటే వాగు, అడ్డమొస్తే మాత్రం రెండు చేతులూ నోటి దగ్గర దొప్పలా పట్టి గొంతు చించుకోవలసిందే. మీ సెల్లే ఆ మంచె మీది మనిషి. టవరు ఇల్లు.

అయితే ఈ ఇంటివాళ్లు బుద్ధిమంతులు. సెల్లు మాట్లాడుతున్నంతసేపూ టవరు దానికి చెబుతూనే ఉంటుంది: "బాగా వినపడుతోంది, గొంతు తగ్గించు", "వినపడ్డం లేదు, పెంచు" అని. మామూలు 4జీ సెల్లు గొంతుకి పై హద్దు 200 మిల్లీవాట్లు. టవరు పక్క వీధిలోనే ఉంటే అందులో వెయ్యో వంతుతో కూడా పని జరిగిపోతుంది. కొండ అడ్డమున్న ఊళ్లో అస్తమానం ఆ పై హద్దు దగ్గరే అరవాలి. 200 మిల్లీవాట్లంటే ఎంతలే అనుకుంటారేమో. గాల్లోకి అంత పంపడానికి లోపలి ఆంప్లిఫయరు రెండు మూడు రెట్లు తింటుంది, మిగిలిందంతా వేడి. కొండ ఊళ్లో మాట్లాడితే సెల్లు చెవికి వెచ్చగా తగిలేది అందుకే. తక్కిన భాగాల తిండి కూడా కలిపితే ఒకటి రెండు వాట్లు అవుతుంది. 5,000 మిల్లీఆంపు-గంటల బ్యాటరీలో ఉండేది సుమారు 19 వాట్-గంటలు. భాగహారం మీరే చేసుకోండి.

మాట్లాడనప్పుడు సెల్లు కునుకు తీస్తుంది. సెకనుకోసారో, సెకనున్నరకోసారో ఒక్క క్షణం చెవి విప్పి "నాకేమైనా పిలుపొచ్చిందా?" అని విని మళ్లీ పడుకుంటుంది. మంచి సిగ్నల్ ఉన్నచోట బ్యాటరీ నిలిచేది ఈ కునుకు వల్లే. సిగ్నల్ పూర్తిగా పోతే దానికి సరిగ్గా కునుకు పట్టదు. మంచె మీద లేచి నిలబడి నాలుగు దిక్కులా వెతుకుతుంది: ఆ బ్యాండులో (రేడియో తరంగాల పట్టీలో) ఎవరైనా ఉన్నారా, ఈ బ్యాండులో ఎవరైనా ఉన్నారా అని. రెండు సిమ్ములుండి ఒకదానికి ఆ ఊళ్లో టవరే లేకపోతే, రెండోది హాయిగా పనిచేస్తున్నా సెల్లు ఆ మొదటిదాని టవరు కోసం వెతుకుతూనే ఉంటుంది.

అంచేత ఈసారి వెళ్లినప్పుడు, అందని సిమ్మును సెట్టింగ్స్‌లో ఆపేయండి. 5జీ ఓసారి వచ్చి ఓసారి పోతుంటే 4జీకే కట్టేయండి. రాత్రి పడుకునేటప్పుడు ఫ్లైట్ మోడ్. మాట్లాడ్డానికి వీధి గుమ్మంలోకి రండి, రేకుల వంటింట్లో కూర్చుని "హలో హలో" అనకండి. రేకు అడ్డముంటే కేక ఇంకా పెంచాలి.

ఇక ఏడో తరగతి గుంటడి సంగతి. బడిలో చూపించడానికి పెట్టె చేశాడు. మేడ మీద ట్యాంకులో నీళ్ల మట్టం చూసి ఇంట్లోకి కబురు పంపుతుంది. ఈఎస్పీ32 బోర్డు (వైఫై ఉన్న బుల్లి కంప్యూటరు), 2,600 మిల్లీఆంపు-గంటల లిథియం సెల్లొకటి. ఇక్కడ సెల్లంటే ఫోను కాదు, బ్యాటరీ. చక్కగా పనిచేసింది, సరిగ్గా ఒక్క రోజు. మర్నాటికి చచ్చింది. "సెల్లు నకిలీదేమో తాతా" అన్నాడు. సెల్లు మంచిదే, వాడి లెక్కే లేదు. వైఫై పట్టుకుని మేలుకునే ఉంటే ఆ బోర్డు సగటున 100 మిల్లీఆంపులు తింటుంది. 2,600 ని 100 తో భాగిస్తే 26 గంటలు.

నిద్రపుచ్చమన్నాను. పావుగంటకోసారి లేవడం, మట్టం చూడడం, చెప్పడం, పడుకోవడం. రోజుకి 96 సార్లు. ఒక్కోసారి నాలుగు సెకన్లు, 120 మిల్లీఆంపులు అనుకుందాం. మొత్తం రోజుకి 12.8 మిల్లీఆంపు-గంటలే. ఈ లెక్కన సెల్లు ఆర్నెల్లు దాటాలి. పది రోజులకే పోయింది!

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. చిప్పు నిద్రపోయింది, బోర్డు నిద్రపోలేదు. గాఢనిద్రలో చిప్పు తినేది 10 మైక్రోఆంపులు (మైక్రో అంటే మిల్లీలో వెయ్యో వంతు). దాని పక్కనే ఎర్రగా వెలిగే బుల్లి ఎల్ఈడీ, వోల్టేజీని 3.3 కి దించే, 1117 అని రాసి ఉన్న రెగ్యులేటరు, ఈ రెండూ కలిసి రాత్రీ పగలూ ఓ 10 మిల్లీఆంపులు మింగుతున్నాయి. అంటే రోజుకి 240. యజమాని పడుకున్నాక ఇంట్లో దీపాలన్నీ వెలుగుతుంటే ఆయన నిద్రపోయి లాభమేటి?

కాబట్టి ఎల్ఈడీని సోల్డరింగ్ ఐరన్‌తో ఊడదీశాం. రెగ్యులేటరు మార్చాం. కొత్తది కొనేటప్పుడు రెండు అంకెలు చూడాలి: 500 మిల్లీఆంపులు ఇవ్వగలగాలి, తాను మాత్రం 60 మైక్రోఆంపులకు మించి తినకూడదు. పాతదానికి ఇంకో రోగం కూడా ఉంది. లోపలికొచ్చే వోల్టేజీలో ఒక వోల్టు పైన తానే మింగేస్తుంది. సెల్లు 3.7 వోల్టులకు దిగేసరికి అవతల 2.6 వోల్టులు కూడా మిగలవు. మీటరు పెడితే సెల్లు బాగానే కనపడుతుంది, వైఫై కేకేసిన క్షణంలో మాత్రం బోర్డు కూలబడి మళ్లీ మొదటినుంచి లేస్తుంది. లేవగానే మళ్లీ కేక, మళ్లీ కూలడం. ఇలా ఒక్క రోజులో సెల్లు ఖాళీ చేసే పెట్టెలుంటాయి. అందుకని 3.3 వోల్టు కాలికీ గ్రౌండు కాలికీ మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకటి, కాళ్లు పొట్టిగా కత్తిరించి, బోర్డుకి ఆనుకునేలా పెట్టండి. అది మంచె మీది ముంత లాంటిది. కేకేసేముందు గుక్కెడు నీళ్లు చేతికందేంత దగ్గర్లో ఉండాలి, గెడ్డ దాకా వెళ్లి తాగొచ్చే వ్యవధి ఉండదు.

ఇప్పుడు లెక్క రోజుకి పద్నాలుగున్నరకు దిగింది. ఆర్నెల్లు. ప్రతిసారీ రౌటరుని "నాకో ఐపీ చిరునామా ఇవ్వండి" అని బతిమాలకుండా స్థిరమైన ఐపీ, ఛానల్ నంబరు ముందే రాసిపెడితే నాలుగు సెకన్లు ఒక సెకనుకు తగ్గుతాయి, అప్పుడు ఏడాది పైమాటే. మట్టం ఐదు సెంటీమీటర్లయినా మారకపోతే అసలు నోరే విప్పొద్దంటే ఇంకా మేలు. చెప్పుకోదగ్గ మాట లేనప్పుడు ఊరుకోవడం మనుషులకే కష్టం, యంత్రానికి రెండు లైన్లు రాస్తే చాలు.

ఆ గుంటడు ఇప్పుడు ఉద్దానంలో తాతగారి కొబ్బరితోటలో బోరు మోటారుకి కూడా పెడతానంటున్నాడు. తోటకీ ఇంటికీ కిలోమీటరు పైనే, వైఫై అందదు. దానికి లోరా అని ఇంకో రకం రేడియో ఉంది. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 866 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. దాని ఉపాయం కావలివాళ్లకి ఎప్పుడో తెలుసు. దూరంగా ఉన్నవాణ్ణి పిలిచేటప్పుడు "ఒరే ఇటు రా" అని గబగబా అనరు. "ఒరే...య్, ఇటు రా...వో...య్" అని ప్రతి అచ్చునీ సాగదీస్తారు. గొంతు పెంచకపోయినా సాగదీసిన మాట గాలి హోరులోంచి పోల్చుకోవచ్చు. లోరాలో ఈ సాగదీతకి 7 నుంచి 12 దాకా మెట్లున్నాయి. మెట్టు ఎక్కినకొద్దీ మాట సుమారు రెట్టింపు పొడవవుతుంది. 7 మీద అరవై మిల్లీసెకన్లలో అయిపోయే చిన్న కబురు 12 మీద సెకను పైన పడుతుంది. దాదాపు ఇరవై రెట్లు బలహీనమైన కేకను కూడా అవతలి పెట్టె పోల్చుకోగలుగుతుంది గానీ ఆ ఇరవై రెట్లూ బ్యాటరీ నుంచే వస్తాయి. ముందు 7 తో మొదలుపెట్టు నాయినా, అందకపోతేనే ఒక్కో మెట్టు ఎక్కు. అంతకన్నా ముందు యాంటెన్నాని నాలుగడుగులు పైకెత్తి చూడు. మంచె ఎత్తుగా కట్టేది ఊరికే కాదు.

మంచెను పట్టుకుని చాలా దూరం వచ్చాను. ఇక్కడ నా పోలిక కాస్త కుంటుతుంది. మనిషికి అరవడం కష్టం, వినడం సుఖం, చెవికి వేరే అన్నం పెట్టక్కర్లేదు. యంత్రం చెవికి తిండి పెట్టాలి. లోరా చిప్పు అరిచేటప్పుడు 40 మిల్లీఆంపులు తింటే వినేటప్పుడు 11 తింటుంది. తక్కువే కదా అని రోజంతా చెవి తెరిచి ఉంచితే 264 మిల్లీఆంపు-గంటలు. 96 సార్లు కేకేసినందుకు అయ్యేది 7 వ మెట్టు మీద ఒకటి కూడా కాదు. అందుకే ఆ పెట్టె కబురు చెప్పాక ఓ క్షణం మాత్రమే "ఓయ్" అన్న జవాబు కోసం విని చెవి మూసేస్తుంది.

ఆ "ఓయ్" మాత్రం మానకూడదు. జవాబు రాకపోతే కబురు చేరినట్టు కాదు. రాకపోతే మళ్లీ పిలవాలి, కానీ వెంటనే కాదు. ఇద్దరు కావలివాళ్లు ఒకేసారి అరిస్తే ఇద్దరి మాటా పాడవుతుంది. ఇద్దరూ సరిగ్గా ఒకేసేపు ఆగి మళ్లీ అరిస్తే మళ్లీ పాడే. ఒకడు రెండు సెకన్లు, ఇంకొకడు ఏడు సెకన్లు, ఇలా ఎవరికి తోచినంత వాళ్లు ఆగాలి, ప్రతిసారీ ఆ ఆగడం పెంచుకుంటూ పోవాలి. మూడుసార్లకీ పలకకపోతే మెమరీలో రాసుకుని పడుకోవాలి, రేపు కలిపి చెప్పొచ్చు. ఇది రాయని పెట్టెలు అవతల రిసీవరు చెడిన రోజున రాత్రీ పగలూ అరిచి అరిచి కొద్ది రోజుల్లోనే చస్తాయి. తప్పు రిసీవరుది, చచ్చేది ఇది.

మన జిల్లాలో ఈ మాట సెల్లులకీ వర్తిస్తుంది. 2018 అక్టోబరు 11 న తిత్లీ తుఫాను తీరం దాటింది పలాస వైపే. కరెంటు పోతే టవరు కొన్ని గంటలు తన బ్యాటరీల మీద, ఆ తర్వాత డీజిల్ ఉన్నన్నాళ్లు జనరేటరు మీద నిలుస్తుంది. దగ్గర టవరు ఆరిపోతే ఊరి సెల్లులన్నీ దూరపు టవరు కోసం ఒక్కసారే అరవడం మొదలెడతాయి. అలాంటప్పుడు ఇంట్లో ఒక్క సెల్లే తెరిచి ఉంచండి, అదీ చుట్టాలతో ముందే అనుకున్న వేళకి ఐదు నిమిషాలు. తక్కినవి ఫ్లైట్ మోడ్‌లో. మాట కన్నా మెసేజీ నయం. చిన్నది, అవతలి సెల్లు ఆరిపోయి ఉన్నా నెట్‌వర్కు దాచి తర్వాత ఇస్తుంది. 10,000 అని రాసున్న పవర్ బ్యాంకు పదివేలూ ఇవ్వదు. 3.7 వోల్టుల్ని 5 చేయడంలోనూ, వేడిలోనూ పోయి ఆరు వేల పైచిలుకే చేతికొస్తుంది.

కళింగపట్నం వైపు ఉన్నవాళ్లకి ఒక్క ముక్క. ఉప్పుగాలికి యాంటెన్నా కనెక్టరు మీద చిలుము పడుతుంది, కేకలో సగం అక్కడే పోతుంది. రబ్బరు టేపు చుట్టండి, వైరు పెట్టె అడుగునుంచి లోపలికి పోనివ్వండి, పోయేముందు కిందికి వేలాడేలా ఒక వంపు వదలండి, వాననీరు అక్కడ కారిపోతుంది. 866 మెగాహెర్ట్జ్‌కి తీగ యాంటెన్నా 8.6 సెంటీమీటర్లు. యాంటెన్నా బిగించకుండా మాత్రం స్విచ్చి వెయ్యకండి. బయటికి పోలేని శక్తి వెనక్కి తిరిగి ఆంప్లిఫయరునే కాల్చొచ్చు.

ఇక ఆదివారం పని. సెల్లులో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ స్ట్రెంగ్త్ అని మైనస్ అంకె ఒకటి కనపడుతుంది, పక్కన డీబీఎం అని ఉంటుంది, సెల్లుకి అందే సిగ్నల్ శక్తికి అది కొలత. మైనస్ 80 అంటే బాగుంది. మైనస్ 110 అంటే గెడ్డ అవతల. పది తగ్గితే పదో వంతు, ముప్ఫై తగ్గితే వెయ్యో వంతు. మైనస్ 110 ఎంతో తెలుసా? ఒక్క వాటుని వంద లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం. ఆ భాగంలోంచే మీ అమ్మమ్మ గొంతు వస్తోంది. దీన్ని ఎలా వింటుందో చెప్పమంటే కాగితాలు చాలవు, నాకైతే ఇప్పటికీ అబ్బురమే.

ఆ అంకె మేడ మీద ఎంత, నూతి దగ్గర ఎంత, వంటింట్లో ఎంత, చేత్తో సెల్లు పైభాగం మూసి పట్టుకుంటే ఎంత, అమ్మ నడిగి స్టీలు బియ్యండబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఎంత, అన్నీ రాసుకుని రండి. మూత బిగించాక లోపలి అంకె ఎలా చూస్తారన్నది మీరే ఆలోచించాలి. డబ్బా ఖాళీగా ఉన్నదే తీసుకోండి, బియ్యం పారబోసి నా పేరు చెప్పకండి.

ఆశీస్సులతో,
మీ తాత